రెండొందల ఇరవై మూడు పున్నములు

హాజరు పట్టీలో నేను కె. రాణిని.
బడిగంట కొట్టాక గెరాణిని.
పై పెదవి నుంచి ముక్కుదాకా చీలిక;
రాయవేలూరు ఆస్పత్రిలో ఏడు కుట్లేసి దాన్ని మూశారు,
పేరుకు మాత్రం కుట్లు పడలేదు.

కథ మా వీధికంతా కంఠతా వచ్చు.
మా అమ్మ మొగిలమ్మ, మూడో నెల కడుపుతో,
చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
వైశాఖ పున్నమి, తొమ్మిదిన్నర.
చందమామను పావు వంతు ఏదో కొరుక్కుపోయింది.
షెడ్డులో కత్తులన్నీ కిందికి దిగినాయి.
లారీలో తోతాపురి మాగిపోతా ఉంది,
కూలేమో తట్టకింత అని.
ఆమె కత్తి ఒక్కటే ఆగలేదు.

నేను పుట్టినాక
జేజి నా మూతి చూసింది, తర్వాత అమ్మ చేతులు చూసింది.
అంతే తీర్పు.

నేను లెక్కల టీచరునయ్యాను.
పిల్లలకు చెప్పని లెక్క ఒకటి
డైరీ వెనక పేజీలో చేసుకున్నాను:
రెండొందల ఇరవై మూడు పున్నములు,
అంటే పద్దెనిమిదేళ్ళ పదకొండు రోజుల ఎనిమిది గంటలు.
అన్నీ దాటినాక అదే గ్రహణం మళ్ళీ వస్తుంది,
ఆలస్యం ఎంతో ముందే చెప్పే రైలులాగా.

లెక్క అమ్మను విడిపిస్తుందనుకున్నాను.
ఆ రాత్రి మబ్బు పట్టిందనో,
చందమామ ఇంకా పొడవలేదనో తేలుతుందని.
తేలలేదు. గ్రహణం ఉంది. మా ఊరి మీదే ఉంది.

మొదటి తిరుగుడు నాకు పదిహేడు నిండినాక.
తెల్లారి ఐదున్నర, తిరుపతి కాలేజీకి మొదటి బస్సు.
పూతలపట్టు దాటగానే పడమటి గుట్టల మీద
కొరికిన చందమామ దిగిపోతా ఉన్నాడు.
వోణీ కొంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను,
మా ఇద్దర్నీ పక్కపక్కన ఎవరైనా చూస్తారేమోనని.

రెండోది మధ్యాహ్నం ఒకటిన్నర.
ఏడో తరగతికి భిన్నాలు చెప్తున్నాను.
నా చెప్పుల కింద, భూమికి అవతల, నీడ పడుతోంది.
అక్కడెవరో ఒక కడుపుతో ఉన్న మనిషి
చేపను కోస్తూ ఉండి ఉంటుంది.
ఆమె బిడ్డ మూతి ఎలా ఉందో నాకు తెలీదు.
మన పంచాంగంలో ఆ రోజుకు ఒక్క అక్షరం లేదు.

మూడోది ఈ జ్యేష్ఠ పున్నమి, మళ్ళీ తొమ్మిదిన్నరకు.
కాణిపాకం తలుపులు ముందే వేశారు.
కాళహస్తి గుడి మాత్రం ఎప్పట్లాగే తెరిచే ఉంది.
పక్కింటివాళ్ళు ఊరగాయ జాడీ మీద దర్భ వేసి
లైట్లార్పుకున్నారు.
వాళ్ళ కోడలు కోకిలకు ఐదో నెల.
కిటికీకి దుప్పటి కట్టి లోపల పడుకోబెట్టారు. చచ్చే ఉక్క.

అమ్మ మోకాళ్ళను తిట్టుకుంటా మిద్దెక్కింది.
ఒక చేతిలో కత్తి, ఒడిలో తోతాపురి కాయ.
"యాడ మే నీ గెరాణం?"
చూపించాను.
"ఇంతేనా! ఆ పొద్దు ఇంకా పెద్దదిగా ఉండె."

నిజమే. వచ్చిన ప్రతిసారీ చందమామ
నీడ అంచుకు కాస్త జరుగుతాడు.
అప్పుడు పావు, ఇప్పుడు గోరంత.
ఇంకొన్ని తిరుగుళ్ళకు మరక కూడా ఆనదు,
ఎవరూ గుడి మూయరు, ఎవరి చేతులూ చూడరు.

"అప్పటికి నేనుండను, నువ్వూ ఉండవు," అంది
మార్కెట్లో కిలో ధర చెప్పినట్టు.

కాయను టెంక పక్కగా, ఫ్యాక్టరీ కోతగా, ఒక్క దెబ్బకు కోసింది.
చెక్క నా చేతికిచ్చి "పులుపుందా?" అనడిగింది.
రసం కుట్ల మీదుగా గడ్డందాకా కారింది.
నేను తుడుచుకోలేదు.

పక్కింటి దుప్పటి ఒక మూల తొలిగింది.
అమ్మ రెండో చెక్కను పిట్టగోడ మీదుగా అటు చాచింది.
చెయ్యి రాలేదు.
రెండు కళ్ళు మాత్రం
కాయను కాసేపు, ఆకాశాన్ని కాసేపు
చూస్తూ ఉండిపోయాయి.